సమీప గ్రహశకలం కొలతలో 1.7 ఆర్క్‌సెకన్ల తేడా, ప్రధాన పట్టీవి మాత్రం బాగానే వస్తున్నాయి. తప్పు ఎక్కడ?

#1 చుక్కలపల్లి

అందరికీ నమస్కారం. అబ్జర్వేటరీ కోడ్ (పరిశీలన చేసే చోటికి ఇచ్చే గుర్తింపు) కోసం మైనర్ ప్లానెట్ సెంటర్‌కు (ఎంపీసీ, గ్రహశకలాల కొలతలు సేకరించే సంస్థ) కొలతలు పంపే ముందు ఒకసారి మీ అందరి కళ్లూ పడితే మంచిదని ఇక్కడ పెడుతున్నాను.

సెటప్: 200 మి.మీ. న్యూటోనియన్, ఎఫ్/5, ఫోకల్ లెంగ్త్ 1000 మి.మీ. మోనో సీమాస్ కెమెరా, 3.76 మైక్రాన్ల పిక్సెల్, బిన్ 2. స్కేలు పిక్సెల్‌కు 1.55 ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకన్ అంటే డిగ్రీలో 3600వ వంతు). ఆ రాత్రి చుక్కల వెడల్పు 3.6 ఆర్క్‌సెకన్లు. కొలిచింది ఆస్ట్రోమెట్రికా అనే సాఫ్ట్‌వేర్‌లో, నక్షత్రాల కేటలాగ్ గయా డీఆర్2.

ప్రధాన పట్టీ గ్రహశకలం (అంగారకుడికీ గురుడికీ మధ్య తిరిగేది), 14వ మాగ్నిట్యూడ్, వేగం నిమిషానికి 0.5 ఆర్క్‌సెకన్ పడమరకు, ఎక్స్‌పోజర్ 30 సెకన్లు. ఆర్‌ఏ (తూర్పు-పడమర దిశ) రెసిడ్యువల్స్ (కొలిచిన చోటుకూ కక్ష్య లెక్క చెప్పిన చోటుకూ తేడా, ఆర్క్‌సెకన్లలో): −0.14, −0.09, −0.17, −0.12.

సమీప గ్రహశకలం (భూమి దగ్గరికి వచ్చేది), 16.2 మాగ్నిట్యూడ్, వేగం నిమిషానికి 18 ఆర్క్‌సెకన్లు, ఇదీ పడమరకే. ఎక్స్‌పోజర్ 10 సెకన్లు, 20 ఫ్రేములు చొప్పున కలిపి చేసిన నాలుగు స్టాక్‌లు, ఎస్‌ఎన్‌ఆర్ (నాయిస్‌తో పోలిస్తే సిగ్నల్ బలం) 40 దగ్గర. ఆర్‌ఏ రెసిడ్యువల్స్: −1.68, −1.74, −1.66, −1.72.

రెండింట్లోనూ డెక్లినేషన్ (ఉత్తర-దక్షిణ దిశ) రెసిడ్యువల్స్ 0.05 లోపే. మొదటిది అంత శుభ్రంగా వచ్చి రెండోది ఇంత పక్కకు పోవడం ఏమిటో అంతుపట్టడం లేదు. కాలిమేషనా (అద్దాల అమరికా)? కోమా కరెక్టరా?

#2 తూర్పుకొండ

కాలిమేషన్ జోలికి పోకండి. అద్దం తేడా అయితే తప్పు ఫ్రేములో వస్తువు ఉన్న చోటును బట్టి మారుతుంది, డెక్‌లోనూ కనిపిస్తుంది. మీది అచ్చంగా వస్తువు నడిచే దారిలోనే ఉంది. దారి వెంబడి తేడా అంటే టైము తప్పు. దారికి అడ్డంగా తేడా వస్తే అప్పుడు చుక్క మధ్యబిందువు, కేటలాగ్, పక్కన అంటుకున్న నక్షత్రం లాంటివి చూసుకోవాలి.

లాప్‌టాప్ గడియారం ఎప్పుడు సరిచేశారు?

#3 పిక్సెల్ పంతులు

గడియారం ఒక్కటే కాదు, తూర్పుకొండ గారూ. లెక్క వేద్దాం.

18 ఆర్క్‌సెకన్లు/నిమిషం అంటే సెకనుకు 0.3. సగటు రెసిడ్యువల్ 1.70. 1.70ని 0.3తో భాగిస్తే 5.67 సెకన్లు.

ఇప్పుడు "శుభ్రంగా" వచ్చిందనుకున్న ప్రధాన పట్టీ దాన్ని చూడండి. నాలుగు అంకెలూ మైనస్‌లోనే ఉన్నాయి! నాయిస్ అయితే రెండు అటూ రెండు ఇటూ పడాలి. సగటు 0.13. వేగం సెకనుకు 0.0083. భాగిస్తే దాదాపు 15.6 సెకన్లు.

గడియారమే తప్పయితే రెండింట్లోనూ ఒకే అంకె రావాలి. ఒకచోట 5.7, ఇంకోచోట 15.6. ఎక్స్‌పోజర్లు 10, 30. వాటిలో సగాలు 5, 15. ఇంకేం కావాలి? ఫిట్స్ ఫైలు హెడర్‌లో (ఫొటోతో పాటు ఉండే వివరాల్లో) డేట్-ఆబ్స్ అనేది ఎక్స్‌పోజర్ మొదలైన సమయం. మీ ఆస్ట్రోమెట్రికా దాన్ని మధ్య సమయం అనుకుంటోంది. సెట్టింగ్స్‌లో సీసీడీ ట్యాబ్ తెరిచి, హెడర్‌లో ఉన్న టైము ఎక్స్‌పోజర్ మొదలా, మధ్యా, చివరా అన్న చోట "మొదలు" ఎంచుకోండి.

గుర్తు కూడా సరిపోతోంది. మనం రాసిన టైము అసలు కంటే ముందుది, కొలిచిన చోటు మాత్రం ఎక్స్‌పోజర్ మధ్యది. కాబట్టి వస్తువు లెక్క కంటే ముందుకు నడిచేసినట్టు కనిపిస్తుంది. పడమరకు నడిచేదానికి ఆర్‌ఏ తగ్గుతుంది గనుక మైనస్. వస్తువు వెనకబడినట్టు కనిపిస్తే గడియారం ముందుకు పోతోందనో, ఎక్స్‌పోజర్ చివరి టైమును మొదలుగా చదువుతోందనో అర్థం.

5 సెకన్లు తీసేస్తే ఇంకో 0.67 మిగులుతుంది. అది గడియారం వాటా కావచ్చు.

#4 చుక్కలపల్లి

సెట్టింగ్ "మధ్య" అనే ఉంది! పాత కెమెరాతో వాడిన కాన్ఫిగ్ ఫైలునే కొత్తదానికి కాపీ చేసిన ఫలితం. అవే ఫ్రేములను మళ్లీ కొలిచాను.

ప్రధాన పట్టీ: −0.02, +0.04, −0.04, +0.01.
సమీప గ్రహశకలం: −0.18, −0.24, −0.16, −0.22.

#5 పిక్సెల్ పంతులు

చూశారా, మొదటిదానికి ఇప్పుడు అటూ ఇటూ పడుతున్నాయి. రెండోదానికి ఇంకా 0.20 ఉంది, అంటే 0.67 సెకను. ఎస్‌ఎన్‌ఆర్ 40కి చుక్క వెడల్పు 3.6 ఉంటే కొలతలో తప్పు 3.6 ÷ (2.355 × 40), సుమారు 0.04 ఆర్క్‌సెకన్ ఉండాలి. 0.20 దానికి అయిదింతలు. వదిలేసేది కాదు.

ప్రధాన పట్టీ వస్తువుతో ఈ 0.67ని పట్టుకోవాలని చూడకండి. ఆ వేగానికి 0.67 సెకను అంటే 0.006 ఆర్క్‌సెకన్. ఎవరికీ కనపడదు. గడియారం పరీక్షకు వేగంగా నడిచేదే కావాలి.

#6 అర్ధరాత్రి అన్నయ్య

గడియారం సంగతి నేను చెప్తా.

మామూలు లాప్‌టాప్ క్వార్ట్జ్‌కు పది లక్షల్లో 20 వంతుల తేడా ఉందనుకుంటే రోజుకు 1.7 సెకన్లు జారుతుంది. చల్లటి రాత్రి డాబా మీద పెడితే జారే తీరు మళ్లీ మారుతుంది. విండోస్‌ను దాని మానాన వదిలేస్తే ఎప్పుడో ఒకసారి సరిచేసుకుంటుంది, మధ్యలో ఎంత జారిందో మీకు తెలియదు. మైన్‌బర్గ్ వాళ్ల ఎన్‌టీపీ ప్రోగ్రాం (ఇంటర్నెట్ ద్వారా గడియారాన్ని సరిచేసేది) వేసుకోండి, ఉచితమే. పరిశీలనకు ఓ గంట ముందే ఆన్ చేసి వదిలేయండి. తేడా చిన్నదైతే అది గడియారాన్ని ఒక్కసారిగా తోయదు, మెల్లగా దారిలోకి తెస్తుంది. మొబైల్ హాట్‌స్పాట్ అయినా పర్వాలేదు, తేడా మామూలుగా సెకనులో వందో వంతుల్లోనే ఉంటుంది.

ఊరి బయట సిగ్నల్ లేని చోటికి వెళ్లేవాళ్లు జీపీఎస్ డాంగిల్ కొంటారు. కానీ పీపీఎస్ పల్స్ (సెకనుకోసారి వచ్చే కచ్చితమైన సంకేతం) బయటికి ఇవ్వని యూఎస్‌బీ డాంగిల్‌తో జాగ్రత్త. అందులో టైము వాక్యాల రూపంలో వస్తుంది, ఆ వాక్యం లాప్‌టాప్ చేరేసరికి సెకనులో కొన్ని పదో వంతులు గడిచిపోతాయి. పైగా ప్రతిసారీ ఒకే ఆలస్యం ఉండదు. జీపీఎస్ ఉంది కదా అని ధీమాగా ఉంటారు, మంచి ఎన్‌టీపీ కంటే అధ్వానం.

ఇంకోటి. టైమ్ జోన్. అర్ధరాత్రి దాటాక తెల్లవారుజామున 5:30 వరకు మన తారీఖు వేరు, యూటీసీ తారీఖు వేరు. రాత్రి 1 గంటకు తీసిన ఫ్రేము యూటీసీలో నిన్నటి 19:30. హెడర్‌లో ఐఎస్‌టీ పడిందంటే అయిదున్నర గంటల తేడా. మీ వస్తువు వేగానికి అది 5,940 ఆర్క్‌సెకన్లు, అంటే ఒకటిన్నర డిగ్రీల పైమాట. తప్పు రెసిడ్యువల్ రాదు, అసలు వస్తువే ఫ్రేములో ఉండదు. ఆ రకంగా అది మంచి తప్పు, దొరికిపోతుంది. అర సెకను తప్పే దొంగది.

#7 రేవతి_27

మధ్యలో దూరుతున్నాను, క్షమించాలి. ఫ్రేములు తిప్పి చూస్తుంటే ఎంపీ చెకర్‌లో (తెలిసిన గ్రహశకలాలను చూపే ఎంపీసీ పేజీ) లేని వస్తువు ఒకటి కనిపించింది. పది నిమిషాల్లో 18.6 ఆర్క్‌సెకన్లు కదిలింది, సరళరేఖలో, ఒకే వేగం. నాలుగు ఫ్రేముల్లోనూ ఉంది. సెటప్ చుక్కలపల్లి గారిదే, స్కేలు 1.55. రిపోర్ట్ చేయమంటారా?

#8 తూర్పుకొండ

ఆగండాగండి. ఆ వస్తువు అసలు పిక్సెల్ చిరునామా, అంటే నక్షత్రాలను ఒకదానిమీద ఒకటి సర్దక ముందు ఎక్స్, వై ఎంతెంత? దాని వెడల్పు ఎంత? డార్క్ ఫ్రేములను (మూత పెట్టి తీసినవి) మీ ఫ్రేముల నుంచి తీసేశారా?

#9 రేవతి_27

డార్క్స్ పోయిన నెలవి వాడాను. ఎక్స్, వై: (2114, 1387), (2114, 1387), (2114, 1387), (2114, 1387). వెడల్పు 1.1 పిక్సెల్.

అయ్యో. రాస్తుంటేనే అర్థమైంది.

#10 తూర్పుకొండ

:) అదే. హాట్ పిక్సెల్ (వెలుగు పడకున్నా మెరిసే చెడ్డ పిక్సెల్) సెన్సర్ మీద కదలదు, కదిలింది నక్షత్రాలు. పోలార్ అలైన్‌మెంట్ (టెలిస్కోపు తిరిగే అక్షాన్ని ధ్రువం వైపు సరిపెట్టడం) కాస్త తేడాగా ఉంటే నక్షత్రాలు పది నిమిషాల్లో 12 పిక్సెళ్లు జారతాయి. సాఫ్ట్‌వేర్ నక్షత్రాలను సర్దేసరికి ఆ హాట్ పిక్సెల్ ఎదురు దిశలో 12 × 1.55 = 18.6 ఆర్క్‌సెకన్లు నడిచినట్టు కనిపిస్తుంది. గ్రహశకలం కంటే క్రమశిక్షణగా నడుస్తుంది కూడా.

వెడల్పు కూడా చెబుతోంది. ఆకాశం నుంచి వచ్చిన ఏ చుక్కైనా ఆ రాత్రి 3.6 ఆర్క్‌సెకన్లు, అంటే 2.3 పిక్సెళ్లు ఉండాలి. 1.1 పిక్సెల్ అంటే వాతావరణం గుండా రాలేదన్నమాట.

మందు: ప్రతి ఫ్రేముకూ కొద్దిగా అటూఇటూ జరిపే డిథరింగ్. అప్పుడు హాట్ పిక్సెల్ తాగినవాడిలా తూలుతుంది, నిజమైన వస్తువు తిన్నగా పోతుంది. డార్క్స్ అదే ఉష్ణోగ్రతకు, వీలైతే అదే వారం తీసుకోండి.

#11 వరాహమిహిరుడు2.0

రేవతి గారూ, ఇబ్బంది పడక్కర్లేదు. పెద్దవాళ్లకే తప్పలేదు. 2025 జనవరి 2న ఎంపీసీ 2018 సీఎన్41 అని కొత్త సమీప గ్రహశకలానికి పేరు పెట్టింది. తీరా అది 2018లో ఫాల్కన్ హెవీ మోసుకెళ్లిన టెస్లా రోడ్‌స్టర్ కారు. ఒక్క రోజులోపే ఆ పేరు తీసేశారు. 2020 ఎస్‌ఓ అయితే 1966 నాటి సెంటార్ రాకెట్ దశ.

అందుకే తెలియని వస్తువు నడుస్తూ కనిపిస్తే ముందు ఎంపీ చెకర్, ఆ తర్వాత ప్రాజెక్ట్ ప్లూటో వాళ్ల శాట్-ఐడీ (ఉపగ్రహమేమో చెప్పేది), రెండూ చూడాలి. భూమికి చాలా దూరపు కక్ష్యలో తిరిగేవి నెమ్మదిగా నడుస్తాయి, అచ్చం గ్రహశకలంలా మోసం చేస్తాయి. శ్రీహరికోట నుంచి పోయిన చంద్రయాన్-3 ప్రొపల్షన్ మాడ్యూల్‌ను కూడా చంద్రుడి దగ్గర్నుంచి తిరిగి అలాంటి ఎత్తైన కక్ష్యకే తెచ్చారు.

#12 కృత్తిక

ఒక ప్రాథమిక సందేహం. మా స్కూలు పిల్లలతో ఐఏఎస్‌సీ (విద్యార్థులతో గ్రహశకలాలు వెతికించే అంతర్జాతీయ కార్యక్రమం) క్యాంపెయిన్ చేయిస్తున్నాం. వాళ్లిచ్చే ఫ్రేముల్లోనూ ఈ టైము గొడవ ఉంటుందా? పిల్లలు కనిపెట్టిందాన్ని "కొత్త గ్రహశకలం" అనొచ్చా?

#13 వరాహమిహిరుడు2.0

ఐఏఎస్‌సీ ఫ్రేములు హవాయిలోని పాన్-స్టార్స్ టెలిస్కోపువి. టైము, క్యాలిబ్రేషన్ వాళ్లే చూసుకుంటారు. పిల్లలు చేయాల్సింది నాలుగు ఫ్రేములు తిప్పి నడిచే చుక్కను పట్టుకోవడం. అక్కడ పరీక్షలు మూడు: నాలుగింట్లోనూ ఉందా, సరళరేఖలో సమాన వేగంతో నడిచిందా, మాగ్నిట్యూడ్ నాలుగింట్లో దాదాపు ఒకటేనా. ఎస్‌ఎన్‌ఆర్ 5 కంటే తక్కువైన మచ్చలను వదిలేయమనండి. ఎక్కువ గుర్తులు పెడితే ఎక్కువ మార్కులన్నట్టు పిల్లలు నాయిస్‌నంతా గుర్తిస్తారు, సరిచూసేవాళ్లకు తలనొప్పి.

ఇక "కొత్త" అన్న మాట. మొదట అది ప్రిలిమినరీ మాత్రమే. వేరే రాత్రుల కొలతలతో కలిశాక ప్రొవిజనల్ పేరు వస్తుంది. కక్ష్య గట్టిపడి సంఖ్య రావడానికి ఏళ్లు పడుతుంది, పేరు పెట్టే హక్కు ఆ తర్వాత. వాటిలో దాదాపు అన్నీ ప్రధాన పట్టీవే. సర్టిఫికెట్ రాగానే "భూమిని కాపాడిన బాలిక" అని ఫ్లెక్సీ కట్టే ముందు ఇది ఒకసారి పిల్లలకు చెప్పండి. అసలు సంగతి కూడా చిన్నదేం కాదు.

#14 కృత్తిక

ఫ్లెక్సీ ఆర్డర్ ఆపించాను. ధన్యవాదాలు :)

#15 చుక్కలపల్లి

ఒక ప్రశ్న. 0.2 ఆర్క్‌సెకన్ కోసం ఇంత పట్టుదల అవసరమా? ఎంపీసీ వాళ్లు 1 ఆర్క్‌సెకన్ లోపు ఉంటే తీసుకుంటారని విన్నాను.

#16 పిక్సెల్ పంతులు

తీసుకోవడం వేరు, పనికిరావడం వేరు.

2024 వైఆర్4 గ్రహశకలం తెలుసుగా. 2024 డిసెంబర్ 27న చిలీలోని అట్లాస్ టెలిస్కోపు పట్టింది. 2032 డిసెంబర్ 22న భూమిని తాకే అవకాశం నాసా లెక్కలో 2025 ఫిబ్రవరి 18 నాటికి 3.1 శాతానికి ఎక్కింది. తర్వాత వారం తిరక్కుండానే దాదాపు సున్నాకు దిగింది. "ముందు భయపెట్టి తర్వాత మాట మార్చారు" అన్నారు చాలామంది. మాట మార్చలేదు. 2032లో అది ఎక్కడెక్కడ ఉండొచ్చో లెక్కేస్తే పొడవాటి దారంలాంటి ప్రాంతం వస్తుంది. కొత్త కొలతలు వచ్చేకొద్దీ దారం కురచవుతుంది. భూమి ఇంకా దారం మీదే ఉంటే, కురచైన దారంలో భూమి వాటా పెరుగుతుంది, శాతం పెరుగుతుంది. చివరికి దారం కొస భూమిని దాటి పక్కకు జరిగిపోతే ఒక్కసారిగా పడిపోతుంది. 2004 డిసెంబర్‌లో అపోఫిస్ అనే గ్రహశకలం 2.7 శాతానికి ఎక్కి దిగింది కూడా ఇలాగే.

ఆ దారం మీద ముందూ వెనకా అన్నదే టైము. మీ అర సెకను తప్పు సరిగ్గా దారం వెంబడి పడుతుంది. నాయిస్ అయితే పది కొలతల సగటులో చచ్చిపోతుంది. టైము తప్పు పది కొలతల్లోనూ ఒకే వైపు తోస్తుంది. అందుకే అంతర్జాతీయ గ్రహశకల హెచ్చరిక నెట్‌వర్క్ 2021 నవంబర్‌లో 2019 ఎక్స్‌ఎస్ అనేదాన్ని పెట్టుకుని, పరిశీలకుల గడియారాలు ఎంత సరిగ్గా ఉన్నాయో చూడటానికే ఒక క్యాంపెయిన్ నడిపింది.

#17 అర్ధరాత్రి అన్నయ్య

చుక్కలపల్లి గారు ఎలాగూ కోడ్ కోసం పంపుతున్నారు గనుక అక్షాంశ రేఖాంశాలతో పాటు ఎత్తు సంగతి. ఎంపీసీ అడిగేది సముద్రమట్టం నుంచి ఎత్తు కాదు, డబ్ల్యూజీఎస్84 ఎలిప్సాయిడ్ (జీపీఎస్ వాడే నునుపైన భూమి ఆకారం) నుంచి ఎత్తు. మన వైపు జియాయిడ్ (సముద్రమట్టపు ఉపరితలం) ఎలిప్సాయిడ్ కంటే 70–90 మీటర్లు కిందికి ఉంటుంది. మ్యాప్‌లో 540 మీటర్లని చూపించే హైదరాబాద్ డాబా ఎలిప్సాయిడ్ లెక్కలో 460 దరిదాపు. చంద్రుడంత దూరంలో 1 ఆర్క్‌సెకన్ అంటే 1.86 కిలోమీటర్లు కాబట్టి 80 మీటర్లకు కొంప మునగదు, కానీ తెలిసి తెలిసి తప్పెందుకు రాయాలి.

పంపేది ఏడీఈఎస్ అనే కొత్త ఫార్మాట్‌లో పంపండి. పాత 80 కాలమ్‌ల వరుసలో అనిశ్చితి రాయడానికి చోటు లేదు, ఇందులో ఉంది. కోడ్ వచ్చేవరకు స్టేషన్ దగ్గర ఎక్స్‌ఎక్స్‌ఎక్స్. కేటలాగ్ పేరు, మాగ్నిట్యూడ్ బ్యాండ్ తప్పనిసరిగా రాయండి. ఒక వస్తువుకు రాత్రికి మూడు నుంచి అయిదు స్థానాలు చాలు. నలభై పంపితే నలభై రెట్లు మెచ్చుకోరు.

#18 రేవతి_27

ఈ టైము పద్ధతులతో అపోఫిస్‌కు సిద్ధమైపోవచ్చా? 2029 ఏప్రిల్ 13 శుక్రవారం అంటున్నారు.

#19 తూర్పుకొండ

అతి దగ్గరికి వచ్చేది 21:46 యూటీసీకి. మనకు అప్పటికే 14వ తేదీ, తెల్లవారుజాము 3:16. భూమి ఉపరితలం నుంచి సుమారు 32,000 కిలోమీటర్లు, అంటే భూస్థిర ఉపగ్రహాల కంటే దగ్గర. వెలుగు 3వ మాగ్నిట్యూడ్ దాకా, కంటికి కనిపించేంత.

ఒక్క హెచ్చరిక. జేపీఎల్ హొరైజన్స్ (ఏ వస్తువు ఎప్పుడు ఎక్కడుంటుందో చెప్పే సైటు) తెరిస్తే చూసే చోటు మొదట "భూకేంద్రం" అని ఉంటుంది. దాన్ని మీ ఊరికి మార్చకపోతే ఆ రోజు పనికిరాదు. భూకేంద్రం నుంచి 38,000 కిలోమీటర్ల దూరానికి పారలాక్స్ (చూసే చోటు మారితే కనిపించే స్థానంలో వచ్చే తేడా) తొమ్మిదిన్నర డిగ్రీల పైనే. మీరు ఒక రాశి వైపు చూస్తుంటారు, అది పక్క రాశిలో ఉంటుంది. స్టెప్ 1 నిమిషం పెట్టండి.

గరిష్ఠ వేగం గంటకు 42 డిగ్రీలు, సెకనుకు 42 ఆర్క్‌సెకన్లు. 1 ఆర్క్‌సెకన్ పట్టాలంటే టైము సెకనులో నలభయ్యో వంతుకు తెలియాలి. ఆ దశలో సీమాస్ రోలింగ్ షటర్ కూడా దెబ్బకొడుతుంది, పై వరుసా కింది వరుసా ఒకే క్షణంలో చదవబడవు. నా మాట: ఆ రాత్రి ఆస్ట్రోమెట్రీ (స్థానాల కొలత) మానేయండి. దాని కక్ష్య 2021 గోల్డ్‌స్టోన్ రాడార్‌తోనే గట్టిపడింది, మన 200 మి.మీ. అద్దాలు కలిపేది ఏమీ లేదు. ముందు వారాల్లో, తర్వాత వీలైనన్ని రాత్రుల్లో వెలుగు హెచ్చుతగ్గులు కొలవండి. అది సుమారు 30 గంటల లయలో తూలుతూ దొర్లే వస్తువు. భూమి ఆకర్షణకు ఆ దొర్లడం ఎలా మారుతుందన్నదే ప్రశ్న. ఒక్క ఊరి నుంచి 30 గంటల లయ తెలియదు, రకరకాల రేఖాంశాల వాళ్లు కలవాలి. మన రేఖాంశానికి అక్కడ విలువ ఉంది.

#20 చుక్కలపల్లి

అప్‌డేట్. మైన్‌బర్గ్ వేసి చూస్తే లాప్‌టాప్ 0.49 సెకను వెనకబడి ఉంది. సరిచేసి నిన్న రాత్రి కొత్త ఫ్రేములు తీశాను. వేగం ఇప్పుడు నిమిషానికి 21 ఆర్క్‌సెకన్లు.

రెసిడ్యువల్స్: −0.06, −0.03, −0.10, −0.06.

ఇక చాలా?

#21 పిక్సెల్ పంతులు

సగటు 0.0625. సెకనుకు 0.35 చొప్పున 0.18 సెకను. ఇంకా నాలుగూ మైనస్సే చూశారా. ఇది గడియారం కాకపోవచ్చు. సాఫ్ట్‌వేర్ టైము రాసేసుకుని, ఆ తర్వాత కెమెరాకు ఆజ్ఞ పంపి, అది నిజంగా మొదలుపెట్టేలోపు ఆలస్యం.

తేల్చుకోవాలంటే జీపీఎస్ ఉపగ్రహాలను ఫొటో తీయండి. వాటి స్థానం మీటర్ల లెక్కన తెలుసు. నడక సెకనుకు 30–40 ఆర్క్‌సెకన్లు. గీత కొసలను 1 ఆర్క్‌సెకన్‌కు కొలిచినా టైము సెకనులో ముప్పయ్యో వంతుకు దొరుకుతుంది. ఎఫిమెరిస్ (అవి ఎప్పుడు ఎక్కడుంటాయో చెప్పే పట్టిక) ప్రాజెక్ట్ ప్లూటో సైటులో మీ ఊరికి ఇస్తారు. ఎక్స్‌పోజర్ 1 సెకను పెట్టి, ఉపగ్రహం రాకముందే టెలిస్కోపును ఆ చోట ఉంచండి. ఒక్కదాంతో ఆగకుండా నాలుగైదు తీయండి, ఫ్రేము మధ్యలో పడేలా.

#22 చుక్కలపల్లి

అయిదు ఉపగ్రహాలు దొరికాయి. సగటు ఆలస్యం 0.19 సెకను, అయిదింటి మధ్య తేడా 0.03 లోపే. ఆ 0.19ని హెడర్ టైములకు కలిపి నిన్నటివి మళ్లీ కొలిస్తే: +0.01, +0.04, −0.03, +0.01.

మొదటి రాత్రి ఫ్రేములకు కూడా 0.67 కలిపి పంపేయనా?

#23 పిక్సెల్ పంతులు

వద్దు. నిన్నటివాటికి కలిపిన 0.19 ఉపగ్రహాల నుంచి వచ్చింది, వస్తువుతో సంబంధం లేనిది. మొదటి రాత్రి 0.67 ఆ వస్తువు రెసిడ్యువల్ నుంచే తీసుకున్నది. దాన్ని కలిపితే, లెక్క చెప్పిన చోటే వస్తువు ఉందని లెక్కకు తిరిగి చెప్పినట్టు. ఆ రాత్రి గడియారం ఎంత జారిందో విడిగా కొలిచింది లేదు కాబట్టి దాన్ని పక్కన పెట్టి, నిన్నటివీ ఇంకో రాత్రివీ పంపండి. ప్రధాన పట్టీ కొలతలు సెట్టింగ్ మార్చాక వచ్చినవి నిరభ్యంతరంగా పంపొచ్చు.

కెమెరా డ్రైవర్ అప్‌డేట్ చేసినప్పుడల్లా ఉపగ్రహాల పరీక్ష మళ్లీ చేయండి. ఆ 0.19 మారుతుంది.